డిపోలో ఉత్తరాల కుర్చీ

బేతంచెర్ల,
6 జూలై 1936

ఇందుమూలముగా కడప పట్టణమందు కాపురముండు సమస్త జనులకును, ముఖ్యముగా మిషను బడిలో మూడో తరగతి పంతులు లేవి గారికిని, ఆయన భార్య కృపమణి గారికిని చాటించడమేమనగా: పోయిన క్రిస్మసు పండగనాడు మా యింటినుండి ఎరువు తీసుకొనిపోయిన చీనీ జాడి, మూత సహితముగా, ఆరు నెలల పదకొండు దినాలుగా పరదేశమందు బందీగా నున్నది. సదరు జాడి లేనందున మా మామిడికాయ ఊరగాయ దిక్కులేనిదై మట్టికుండలో తల దాచుకొన్నది. పదిహేను దినాలలో జాడిని స్వదేశమునకు చేర్చనిచో తగు చర్య జరుగును. విన్నవారు విననివారికి చెప్పవలెను. డండండం.

తమ్ముడూ, నవ్వినావా? నవ్వకుంటే మల్లా ఒకసారి చదువు. ఫిబ్రవరిలో మీ బావ పోయినాక ఈ ఇంట్లో నేనూ, గోడమీది బల్లీ తప్ప ఎవరూ లేరు. బల్లి శానా గంభీరమైన మనిషి. ఏం చెప్పినా నవ్వదు.

ఇంక అసలు సంగతి. బండల డిపోలో మీ బావ పందొమ్మిదేండ్లు కూర్చున్న కుర్చీ ఖాళీగా ఉండాది. మద్రాసు షావుకార్లకు, రైలు కంపెనీకి ఇంగ్లీషు ఉత్తరాలు రాసే దిక్కు లేక డిపో యజమాని చిన్న ఈరన్న తల గీరుకుంటాండాడు. మొన్న పోయి, "ఈరన్నప్పా, ఆ పని నాకియ్యి" అని అడిగినా.

ఆయన వక్క నముల్తా, "సర్కారు పరీక్ష పాసైనోళ్లకే ఇస్తామ్మా. వ్యాపార ఉత్తరాల పరీక్షంట, లోయరు గ్రేడంట. ఉగాదిలోపల సర్టిఫికెట్టు తెచ్చినోళ్లకు కుర్చీ" అన్యాడు.

"ఎవురు తెచ్చినా ఇస్తావా?"

"ఎవురు తెచ్చినా. గాడిద తెచ్చినా ఇస్తా పో."

బండలు మోసే బొజ్జన్న, ఇంకా నలుగురు కూలోళ్లు ఆడనే నిలబడి ఇరగబడి నవ్వినారు. నేనూ నవ్వినా. ఇంటికొచ్చి, నవ్వు ఆపి, నీకు రాస్తాండా. ఆ గాడిద నేనే.

డిసెంబరులో కర్నూల్లో పరీక్ష. దరఖాస్తు మీద ఒక బడిపంతులు సంతకం ఉండాలంట. అది నీది. చదివేదానికి పుస్తకం కావాల. అదీ నీవే పంపాల. వారానికొక ఉత్తరం రాసి పంపిస్తా, తప్పులు దిద్దాల.

మీ అక్క,
రాహేలమ్మ
(నలభై మూడేండ్లు, ఆరో తరగతి, పండ్లన్నీ సొంతవే)


కడప,
15 జూలై 1936

ప్రియమైన అక్కకు, ప్రభువు నామమున తమ్ముడు లేవి వందనములు చేసి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

నీ ఉత్తరం మొదట కృపమణి చేతిలో పడింది. చాటింపు వరకు చదివి, "వదినె నన్ను దొంగ అంటాంది" అని పొయ్యి కూడా వెలిగించలేదు. తమాషా అని నేను చెప్పినా నమ్మలేదు. జాడి పంపిస్తాము, కొంచెం ఓపిక పట్టు.

పరీక్ష సంగతి. అక్కా, నీకు బుద్ధి చెప్పేటంతవాణ్ణి కాను. అయినా చెప్పక తప్పదు. ఇరవై ఏండ్ల పిల్లకాయలు ఇక్కడ రెండేసి మార్లు ఆ పరీక్ష తప్పుతున్నారు. నీ ఇంగ్లీషు నంద్యాల బోర్డింగు బడిలో దొరసానమ్మ పక్కన మోకాళ్లమీద కూర్చొని నేర్చుకొన్న ప్రార్థన ఇంగ్లీషు. దేవునికి అది చాలును. రైలు కంపెనీకి చాలదు.

నీకోసం నేను ఊరకే కూర్చోలేదు. ఇక్కడ ఆడపిల్లల హాస్టలులో వంటమనిషి మానుకొన్నది. హాస్టలు దొరసానమ్మతో మాట్లాడినాను. నీకు గది కూడా ఇస్తామన్నారు. నీ మారుగా నేను సరే అని చెప్పినాను. ఆగస్టులో వచ్చేయి. అంతమంది మగవాళ్ల మధ్య నువ్వు పరీక్ష రాస్తే నవ్వుతారు. నిన్ను చూసి ఎవరైనా నవ్వితే నేను ఓర్చలేను. సంతకం చేయలేను, క్షమించు.

నీ తమ్ముడు,
లేవి


బేతంచెర్ల,
20 జూలై 1936

తమ్ముడికి అక్క ఆశీర్వాదాలు.

నా మారుగా నువ్వు సరే అన్యావా? అయితే నా మారుగా నువ్వే పోయి వంట చెయ్యి. నీ చేతి సాంబారు తిన్నాక ఆ పిల్లలు ప్రార్థన బాగా నేర్చుకుంటారు.

నన్ను చూసి నవ్వుతారని నీకు భయం. ఒరే, నన్ను చూసి నవ్వకుంటేనే నాకు దిగులు.

ఇప్పుడు నీకు ఎవరికీ తెలియని మాట ఒకటి చెప్తా. మీ బావకు చివరి నాలుగేండ్లు కండ్లకు పొర కమ్మింది. చెప్తే పని పోతుందని చెప్పలేదు. డిపో ఉత్తరాలు అంగీలోపల పెట్టుకొని ఇంటికి తెచ్చేవాడు. ఏం రాయాలో ఆయన చెప్తాంటే నేను రాసేదాన్ని, కింద సంతకం ఆయన చేసేవాడు. అంటే నాలుగేండ్లుగా బేతంచెర్ల బండలు నా రాతమీదనే మద్రాసు పోయినాయి. "దావీదురాజూ, ముసలోడివైనకొద్దీ నీ అక్షరం ముత్యమైతాంది" అని ఈరన్న మెచ్చుకొంటా ఉన్యాడంట.

నీవన్నట్ల నాది ప్రార్థన ఇంగ్లీషే. ఒకసారి వ్యాగను తొమ్మిది దినాలు రాలేదు. స్టేషను మాస్టరుకు ఏమని రాసినానో తెలుసా? తెలుగులో చెప్తే ఇట్లుంటాది: "ప్రియుడవైన స్టేషను మాస్టరూ, నీ సేవకులమైన మేము ఎండలో నిలిచి కనిపెట్టుకొనియున్నాము. నీవు మాయందు దయయుంచి ఒక వ్యాగనును పంపుము. నీ పట్టాలు చిరకాలము నిలుచును గాక." మరుసటి దినమే రెండు వ్యాగన్లు వచ్చినాయి! భయపడి పంపినాడో, నవ్వి పంపినాడో. పంపినాడా లేదా?

ఇంకొక మాట. ఇది నీకు చెప్పగూడదనుకొంటి. మీ బావ పోయే ముందు దినం నా చెయ్యి పట్టుకొని, "రాహేలూ, నా కుర్చీ విడిచిపెట్టొద్దు" అన్యాడు. అంతే. మల్లా మాట్లాడలేదు.

ఇంక నీ ఇష్టం.

రాహేలమ్మ


కడప,
29 జూలై 1936

ప్రియమైన అక్కకు వందనములు.

నీ ఉత్తరం చివరి మాటలు రెండుమార్లు చదివినాను. బావ మాట అది అయినప్పుడు నేను అడ్డం నిలిచేవాణ్ణి కాను. దరఖాస్తుమీద సంతకం చేసి పంపుతున్నాను. మా హెడ్మాస్టరు గారి దగ్గర అడిగి వ్యాపార ఉత్తరాల పుస్తకం కూడా పంపుతున్నాను. హాస్టలు వారికి ఉగాది దాకా ఆగమని చెప్పినాను. వారు తాత్కాలికంగా ఒకరిని పెట్టుకొన్నారు.

బుధవారం ప్రార్థన కూటంలో బావ ఆఖరి మాట చెప్పినాను. నమ్మకమైన దాసుడు చావులో కూడా తన పనిని మరువలేదని అయ్యగారు దానిమీదనే ప్రసంగం చేసినారు. ముసలివాళ్లందరూ ఏడ్చినారు. బావ ఆ మాట అన్నప్పుడు దినమా సాయంకాలమా, ఇంకేమైనా అన్నాడా అని అందరూ అడుగుతున్నారు. వివరంగా రాయి.

నియమాలు: ప్రియుడా అనకూడదు. నీవు, నీ సేవకులు అనకూడదు. దీవించకూడదు. సరుకు ఏది, ఎంత, ఎప్పుడు, అంతే.

లేవి


బేతంచెర్ల,
24 ఆగస్టు 1936

(ఇంగ్లీషు కాగితం దీనితోనే ఉండాది. ఇది దాని తెలుగు, కృపమణి కూడా చదువుకొనేదానికి.)

శ్రీయుత లేవి గారికి, కడప.

అయ్యా,

చీనీ జాడి ఒకటి, మూత ఒకటి, మీనుండి మాకు రావలసియున్నవి. ఈ విషయమై మేము జూలై 6వ తేదీన పంపిన ప్రకటనకు ఫలితము లేకపోవుట మిక్కిలి శోచనీయము. ఏడు దినాలలో సరుకు చేరనియెడల ఈ వ్యవహారమును మా వకీలుకు అప్పగించుటకు బద్ధులమని విచారముతో తెలుపుకొనుచున్నాము.

తమ విధేయురాలు,
ఆర్. దావీదురాజు


కడప,
2 సెప్టెంబరు 1936

అక్కా,

వందనములు తర్వాత. నువ్వు పంపింది నాలుగో పాఠంలోని ఆఖరి హెచ్చరిక అని నాకు తెలుసు. కృపమణికి తెలియదు. నేను బడిలో ఉన్నప్పుడు అది చదివి, పక్కవీధి వకీలు గారి భార్య దగ్గరికి పరుగెత్తి, "జాడికి జెయిలు వేస్తారామ్మా?" అని అడిగిందట. ఆమె వీధి వీధంతా చెప్పింది. రెండు దినాలు మా ఇంట్లో ఏడుపే. జాడిని నిన్న రైలు పార్సిలులో వేసినాము. ఇంతటితో నీకు తృప్తి కదా?

ఉత్తరం మట్టుకు బాగుంది. "శోచనీయము" తీసేయి. జాడికోసం ఎవరూ శోకించరు. ఇకమీదట పాఠంకోసం రాసే ప్రతి కాగితం పైన "అభ్యాసము" అని రాయి. దయచేసి.

బావ చివరి మాట గురించి వివరం రాయనేలేదు. అయ్యగారు మళ్లీ అడిగినారు.

లేవి


బేతంచెర్ల,
9 సెప్టెంబరు 1936

అభ్యాసము కాదు.

తమ్ముడూ, పార్సిలు అందింది. విప్పి చూస్తే జాడి మూడు ముక్కలు, మూత మాత్రం క్షేమం. రైలోళ్లను ఏమీ అనను. తప్పు కట్టినోళ్లది. చుట్టూ ఒక్క పొర పాత కాగితం, పైన ఒక సంచి! మా డిపోలో బండను పడుకోబెట్టి పంపరు, అంచుమీద నిలబెడతారు. బండకూ బండకూ మధ్య వరిగడ్డి కూరుతారు. ఎక్కించే ముందు బొజ్జన్న ఒక్కొక్కదాన్ని వేలితో తట్టి చూస్తాడు. మంచి బండ కంచులాగ మోగుతుంది. లోపల చీలిక ఉండేది బొద్దుమంటుంది. బండకే అంత మర్యాద చేస్తాంటే జాడికి ఒక గుప్పెడు గడ్డి లేదా మీ కడపలో?

కృపమణిని ఏడవొద్దని చెప్పు. జరిగింది చెప్పినా, అంతే.

రాహేలమ్మ


కడప,
17 సెప్టెంబరు 1936

అక్కకు వందనములు.

పగిలిన సరుకు గురించిన నీ ఉత్తరం చాలా బాగుంది. పదికి ఎనిమిది మార్కులు. గడ్డి సంగతి సొంతంగా చేర్చినావు, మెచ్చుకొన్నాను. పైన "అభ్యాసము కాదు" అని రాయడం మాత్రం అనవసరం. వ్యాపారంలో హాస్యం పనికిరాదు. అందుకే రెండు మార్కులు తగ్గించినాను.

జాడి క్షేమంగా చేరిందని కృపమణికి చెప్పినాను, శాంతించింది. ఈసారి ఊరగాయ పెడితే మాకు కొంచెం ఆ జాడిలోనే పంపమంటున్నది.

లేవి


బేతంచెర్ల,
22 సెప్టెంబరు 1936

ఒరే లేవీ!

నీ ఎనిమిది మార్కులు నీవే ఉంచుకో, నా జాడి నాకియ్యి. పగిలింది! నిజంగా పగిలింది! ముక్కలు పంపిస్తా, తట్టి చూసుకో.

సరే, పోనీ. జాడి పోతే పోయింది, నీతో కొట్లాడి నవ్వి దినం గడిచింది. నా చదువు సంగతి చెప్తా. తెల్లారగానే కసువు ఊడ్చి, గంజి తాగి కూర్చుంటా. మధ్యాన్నం కండ్లు మూతపడితే నిలబడి చదువుతా. పుస్తకంలో నూటపది ఉత్తరాలు ఉండాయి. డెబ్బైరెండు చూడకుండా రాస్తాండా. ప్రియుడా అనేమాట చేతిలోనుంచి పోదు, అక్షరం పడగానే తుడిచేస్తా. వేలికి సిరా మరక పడింది, సబ్బుకు పోదు. పోకుండా ఉంటేనే బాగుండు.

బొజ్జన్న సందకాడ ఇంటిముందర పోతా రోజూ అడుగుతాడు: "ఏమ్మా, గాడిద యాడికొచ్చింది?" "డెబ్బైరెండో మైలురాయికాడికి" అంటా. "దూరముంది గదమ్మా" అంటాడు. "నాలుగు కాళ్లుండాయి గదప్పా" అంటా.

నీవు అడిగే వివరాలు నాకు గుర్తులేవు. అయ్యగారిని వేరే ప్రసంగం చూసుకొమ్మను.

రాహేలమ్మ


బేతంచెర్ల,
14 డిసెంబరు 1936

తమ్ముడికి,

పోయినా, రాసినా, వచ్చినా. అందరూ పిల్లకాయలే. నేను లోపలికి అడుగు పెడతానే కాగితాలు పంచే ఆయన, "అమ్మా, పిల్లోన్ని కూర్చోబెట్టి నువ్వు బయటుండు" అన్యాడు. "పిల్లోడు లేడు సామీ, పిల్లోడు నేనే" అన్యా. నంబరు చూసినాడు, పేరు చూసినాడు, నా తలమీది తెల్ల ఎంట్రుకలు చూసినాడు. మల్లా నంబరు చూసినాడు. ఆఖరికి బెంచీ తుడిచి మరీ కూర్చోబెట్టినాడు. వెనక పిల్లకాయలు కిసకిసమన్యారు. తిరిగి చూసి, "నవ్వండి నాయనా, ఇప్పుడే నవ్వుకోండి, కాగితం వచ్చినాక తీరదు" అన్యా.

మొదటి ప్రశ్న ఏమంటావు? కర్నూల్లో గొడుగుల అంగడి పెట్టినోడు, మద్రాసునుంచి తెప్పించిన గొడుగులు అమ్ముడు పోలేదు, వాపసు తీసుకోమంటాండాడు. అమ్మిన కంపెనీ తరపున కుదరదని మర్యాదగా రాయాల. కర్నూల్లో గొడుగుల యాపారమంట! ఆ అంగడోన్ని తలుచుకుంటే నాకే జాలి. అయినా రాసినా: సరుకులో లోపం లేదు, మీరు మాట ఇచ్చి కొన్నారు, వాపసు తీసుకోలేము. అయితే మీ ప్రాంతంలో వాన ఎప్పుడో ఒకనాడు, ఎండ రోజూ. గొడుగు ఎండకు కూడా పనికొస్తుందని అంగడి ముందర ఒక పలక రాసిపెట్టండి, అమ్ముడవుతాయి. ఆ పలక మాట పుస్తకంలో యాడా లేదు. నాకే తోచింది.

మిగిలిన నాలుగూ రాసినా. ఒక్క దీవెన లేదు, ఒక్క ప్రియుడు లేడు. కాగితం ఇచ్చి, రైలెక్కి, ద్రోణాచలంలో బండి మారేటప్పుడు గుర్తొచ్చింది. గొడుగుల ఉత్తరం కింద, తమ విధేయులు అని ఉండాల్సిన చోట, నా చెయ్యి దానంతట అదే "ప్రభువునందు మీ సహోదరి" అని రాసిపెట్టింది. చిన్నప్పటినుంచి ఏ ఉత్తరమైనా అట్లనే ముగించిన చెయ్యి, అది ఒక్కరోజు నా మాట వింటుందా?

ప్లాట్‌ఫారం మీద కూర్చుండిపోయినా. నవ్వు రాలేదు, తమ్ముడూ. ఇంత పని చేసి, ఒక్క వరస దగ్గర జారితి.

రాహేలమ్మ


కడప,
1 మార్చి 1937

ప్రియమైన అక్కకు వందనములు.

రెండు నెలలనుండి నీ ఉత్తరం లేదు. ఫలితం కూడా రాలేదని విన్నాను. అక్కా, ఆ వరస గురించి మనసు కష్టపెట్టుకోకు. తప్పినా నువ్వు మాకు తప్పినట్టు కాదు. హాస్టలు గది ఇంకా నీదే. ఉగాది కాగానే నిన్ను తీసుకొనిపోవడానికి వస్తాను. ఈసారి వద్దనవద్దు.

నీకు సంతోషమైన వార్త ఒకటి. బావ సమాధిమీద రాయి లేదని మా సంఘంవారందరూ కలిసి మంచి కడప నల్లరాయి ఒకటి కొన్నారు. ఈస్టరుకు బేతంచెర్ల తెచ్చి నిలబెడతాము. దానిమీద బావ పేరు, తేదీలు, వాటికింద పెద్ద అక్షరాలతో ఆయన ఆఖరి మాట: "నా కుర్చీ విడిచిపెట్టవద్దు." అది అయ్యగారి కోరిక. పనివాడు వచ్చే సోమవారం, ఎనిమిదో తేదీన ఉలి పెడతాడు. ఆ మాట సరిగ్గా అట్లే అన్నాడా, ఒక్క అక్షరం తేడా ఉన్నా రాయి. రాతిమీద పడితే దిద్దలేము.

నీ తమ్ముడు,
లేవి


బేతంచెర్ల,
4 మార్చి 1937

తమ్ముడూ,

నీ ఉత్తరం పొద్దున, సర్కారు కవరు మధ్యాన్నం, ఒకే దినం వచ్చినాయి. ఇది అందిన నిమిషమే పోయి ఆ పనివాని చెయ్యి పట్టుకో. ఎందుకో చెప్తా, ముందర ఇది విను.

పాసైనా. రెండో తరగతిలో పాసైనా! దిద్దినాయన ఎవరో గాని, సహోదరి అని రాసిందానికి మార్కులు కోసి ఉంటాడు, పలకకు కలిపి ఉంటాడు. ఆయనకు దేవుడు మేలు చెయ్యనీ.

కవరు పట్టుకొని డిపోకు పోయినా. చిన్న ఈరన్న సర్టిఫికెట్టు అటు తిప్పి ఇటు తిప్పి చూసినాడు.

"ఇది నీదేనామ్మా?"

"పేరు చదువప్పా."

"చదివినా. అది గాదు. ఆడమనిషివి. ఇంతమంది కూలోళ్ల మధ్య, లెక్కలు, వ్యాగన్లు..."

"గాడిద తెచ్చినా ఇస్తానంటివి. గాడిదకన్నా తక్కువైతినా?"

బండ దింపుతాన్న బొజ్జన్న నడుము సవరించుకొని నిలబడినాడు. "అన్యావప్పా. మేమందరం విన్యాము. ఆ పొద్దు నవ్వినాము గూడా" అన్యాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఈరన్న ఒక కాగితం ముందరికి తోసి, నంద్యాల స్టేషనుకు వ్యాగనుకోసం రాయమన్యాడు. రాసిచ్చినా. చూసినాడు. లేచిపోయి బీరువాలోనుంచి పాత ఉత్తరాల కట్ట తెచ్చినాడు. దాని పక్కన ఇది పెట్టినాడు. శానాసేపు వక్క నమిలేది గూడా మరిచిపోయినాడు.

"ఈ అక్షరం..."

"నాలుగేండ్లు మెచ్చుకుంటివి గదప్పా" అన్యా.

"మూడు నెలలు చూస్తా" అన్యాడు.

"నేనూ నిన్ను మూడు నెలలు చూస్తా" అని కూర్చున్నా. కుర్చీ ఒక కాలు పొట్టిది, తమ్ముడూ. పందొమ్మిదేండ్లు ఆయన ఒక పక్కకు ఒరిగి ఎందుకు కూర్చునేవాడో ఇప్పుడు తెలిసింది. దొరసానమ్మకు చెప్పు, గది వేరేవాళ్లకు ఇమ్మని. సిగ్గుపడకుండా చెప్పు. నా మారుగా చెప్పేదానికి ఈసారి నేనే నీకు సెలవిస్తాండా.

ఇంక ఆ రాయి సంగతి. బేతంచెర్ల మనిషి తలమీద కడప రాయి పెడతారా మీరు? అది వేరే కొట్లాట, ఈస్టరుకు వచ్చినప్పుడు పెట్టుకుందాము. పేరు చెక్కించు, తేదీలు చెక్కించు. కింద ఆ మాట వద్దు.

ఒక్క అక్షరం తేడా ఉన్నా రాయమన్యావు. అన్ని అక్షరాలూ తేడానే. నాకు ఆ కుర్చీ కావాలని మొదటి ఉత్తరంలోనే రాసినా. నీవు చదివి, నా మారుగా వంటింటికి సరే అన్యావు. మీ బావకు కావాలని రాస్తే, ఒక్క మారుమాట లేకుండా సంతకం పెట్టినావు, పుస్తకం పంపినావు, ఊరంతా ఏడిపించినావు. నీవు చెడ్డోడివి గావు, లేవీ. బతికుండే అక్క నోటిలో మాటకన్నా, పోయిన బావ నోటిలో మాట నీకు గట్టిగా వినపడింది. నాకు అది తెలుసు. అందుకే ఆ నోరు ఎరువు తెచ్చుకొన్నా. కాగితంమీద పడినంతవరకూ ఫరవా లేదనుకొంటి. అయ్యగారు ప్రసంగం చేసినప్పుడు కొంచెం గుచ్చుకొనింది. రాయిమీద అంటే నా చేత కాదు.

చివరి మూడు దినాలు మీ బావ నోట మాటే లేదు. కండ్లు తెరిస్తే నా దిక్కు చూసినాడు, మూస్తే నిద్రపోయినాడు. చెయ్యి పట్టుకొనింది నేను. కుర్చీ గిర్చీ ఏమీ అనలేదు. ఆ మాట మొదలునుంచి తుదిదాకా నేను కల్పించిందే. కావాలనుకొనింది నేనే.

మీ అక్క,
రాహేలమ్మ